వనములో విశ్రాంతి దినము

ఖరగ్‌పూర్ పట్టణములోని తెలుగు కుటుంబములన్నిటికిని ఆదివారము ఒకే రీతిగా రాదు. రైల్వే వర్క్‌షాపులో పనిచేయు ఫిట్టరునకు అది సెలవు దినము. బండి నడుపు లోకోపైలట్‌కు అది కేలండరులో ఎఱ్ఱగా అచ్చువేసిన అంకె మాత్రమే. అతని విశ్రాంతిని నిర్ణయించునది వారము కాదు, చట్టము. 1989వ సంవత్సరపు రైల్వే చట్టములోని 133వ సెక్షను ప్రకారము బండ్లు నడుపు సిబ్బందికి నెలకు కనీసము నాలుగు మారులు ఎడతెగని 30 గంటల చొప్పున గాని, అయిదు మారులు 22 గంటల చొప్పున గాని విశ్రాంతి నియ్యవలెను. అందులో ఒక పూర్తి రాత్రి చేరియుండవలెనని కూడ ఆ సెక్షను చెప్పుచున్నది. మనుష్యునికి రాత్రి నిద్ర అను దొకటి కావలెనని శాసనకర్తలు మరువకుండుట మెచ్చుకొనదగిన సంగతియే. అయితే ఆ 30 గంటలు బుధవారమున పడవచ్చును, పండుగనాడు పడకపోవచ్చును. పిల్లల బడి గాని, భార్య పనిపాటులు గాని, సంఘారాధన గాని ఆ లెక్కలో చేరవు.

ఇట్టి యింటి నొకదానిని మనస్సున నుంచుకొని ఈ పాఠమును చదువుట మంచిది. తండ్రి గూడ్సు బండ్లు నడుపువాడు. తల్లి ఇల్లు దిద్దుకొనుచు సాయంత్రములు ఇరుగుపొరుగు పిల్లలకు చదువు చెప్పును. ఇంట తాతగారు కలరు. ఆయన చిన్ననాట శ్రీకాకుళం ప్రాంతము నుండి తన తండ్రి వెంట వచ్చి, అదే రైల్వేలో పనిచేసి విరమించినవారు. కుమార్తె ఆరవ తరగతి, కుమారుడు రెండవ తరగతి. క్వార్టరు చిన్నది. తండ్రి రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రించుచుండగా ఆ పిల్లలు గుసగుసలతోనే ఆడుకొనుట, గుసగుసలతోనే పోట్లాడుకొనుట నేర్చుకొనిరి. అయిదుగురును ఒక్కసారిగా మేలుకొని, ఒక్కచోట కూర్చుండి అన్నము తినుట ఆ యింట అరుదు. అట్టివారు నెలకో రెండు నెలలకో ఒక దినము పట్టణము విడిచి చెట్ల క్రిందికి పోవుదురనిన, దానిని కేవలము వినోదయాత్రగా ఎంచి విడిచిపెట్టరాదు.

వారు అక్కడి కెట్లు వచ్చిరో కొంచెము చెప్పవలెను. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, 1902లో తూర్పు కోస్తా రైలుమార్గపు ఉత్తరభాగమును తన అధీనములోనికి తీసికొనెను. దానితో వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం సీమలు ఖరగ్‌పూరుతో ఒకే కంపెనీ పట్టాలచేత కలుపబడినవి. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అక్కడ పెద్ద వర్క్‌షాపు లేచినప్పుడు కరవును అప్పును ఎరిగిన ఉత్తరాంధ్రపు పల్లెలనుండి మనుష్యులు ఆ పట్టాల వెంటనే వెళ్లిరి. 1927లో ఆ వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగముల తొలగింపునకు విరోధముగా సమ్మెచేసిరి. ఆనాటి ఆ రైల్వే కార్మికుల నాయకులలో ముఖ్యుడు వి. వి. గిరి, తరువాత 1969 మొదలు 1974 వరకు భారత రాష్ట్రపతి ఆయనయే. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారము 1072.5 మీటర్ల పొడవుతో లోకములో మొదటిదని చాలకాలము చెప్పుకొనబడెను. 2013లో గోరఖ్‌పూరును, 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్లియు దానిని మించినవి. తాతగారు ఈ మాటను నేటికిని ఒప్పుకొనరు.

విశ్రాంతి గంటలు సహితము దానంతట అవి వచ్చినవి కావు. 1922వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము పెద్దవారికి వారమునకు 60 గంటల పనిని హద్దుగా పెట్టెను. 1948 నాటి చట్టము 48 గంటలను హద్దుగా నుంచి, వారమున కొక దినము సెలవును స్థిరపరచెను. ఆ రెంటి నడుమ 26 సంవత్సరములు గడిచినవి. ఒక ఫిట్టరు జీవితకాలపు పనిలో అది మించుగా సగము.

గోప్‌గఢ్

ఖరగ్‌పూరునకు ఉత్తరమున కాంసావతి నది పారుచున్నది. జనులు దానిని కాసాయి అందురు. రైలు ఆ నది వంతెన దాటగానే మేదినీపూర్ పట్టణము వచ్చును. అక్కడనుండి పడమరగా టోటో అను బ్యాటరీ రిక్షాలో కొంతదూరము పోయినయెడల నదియొడ్డున ఎఱ్ఱని మొరపరాతి మిట్ట యొకటి కనబడును. అదియే గోప్‌గఢ్. అటవీశాఖవారు దానిని చెట్లతోను కాలిబాటలతోను వనముగా నుంచిరి. అందులో ఒక పాత కట్టడపు శిథిలములును, ఎక్కి చూచుటకు ఒక బురుజును కలవు. పైకెక్కిన నది వంపు, ఇసుక మేటలు, ఆవలి పొలములు కనబడును. అక్కడ పెద్ద యంత్రముల ఆటలు చూడగోరి పోవువాడు నిరాశపడును.

మేదినీపూర్ జనుల ఐతిహ్యము ప్రకారము ఇది విరాటరాజు దక్షిణపు గోశాల. పాండవుల అజ్ఞాతవాసకాలమున సుశర్మ ఆలమందలను పట్టినది ఇక్కడనే యని వారందురు. ఈ మాటకు చరిత్రలో ఆధారము వెదకుట వ్యర్థము. ఇట్టి విరాటనగరములు దేశములో అనేకములు కలవు. అయినను తిక్కన విరాటపర్వమును చదివిన వానలు పడునని నమ్ము పల్లెలనుండి వచ్చిన తెలుగువాడు, తన తాతలు విన్న కథ బెంగాలులో ఒక మిట్టకు అంటుకొని యుండుట చూచి ఒక నిమిషము ఆగును. పరాయిదేశమున తెలిసిన పేరు వినబడుట చిన్న సంగతి కాదు.

చెట్ల విషయమును అట్టిదే. ఆ ప్రాంతపు అడవి ముఖ్యముగా సాలవృక్షముల అడవి. బెంగాలీ పాఠశాలలో చదువు పిల్ల దానిని ‘శాల్ గాఛ్’ అనును. తాతగారు బెరడు తడిమి చూచి ‘గుగ్గిలం చెట్టు’ అందురు. ఈ చెట్టు దక్షిణమున ఉత్తరాంధ్ర కొండలవరకే వ్యాపించి నిలిచిపోవును. గనుక శ్రీకాకుళమువాడు ఎరుగును, నెల్లూరివాడు బహుశః ఎరుగడు. ఈ చెట్టు జిగురే గుగ్గిలము. బెంగాలు ఇండ్లలో సాయంకాలమున ధూపము వేయు ‘ధునో’ అదియే. మనుమరాలు రెండు పేర్లును ఒకే చెట్టువని ఆ దినమున మొదటిసారి తెలిసికొనును. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గము రాష్ట్రములోని తెలుగువారిని భాషాపరమైన అల్పసంఖ్యాకులుగా ఎంచి తెలుగునకు అధికార గుర్తింపు నిచ్చుటకు నిర్ణయించెను. ఖరగ్‌పూర్ తెలుగువారు చాలకాలము కోరిన దది. దానివలన మేలు కలుగును. అయితే ‘గుగ్గిలం చెట్టు’ అను మాట మంత్రివర్గపు నిర్ణయముచేత పిల్లల నోటికి రాదు. ముసలివాడును పసిదియు ఒక చెట్టు క్రింద తీరికగా నిలువవలెను.

తెలుగువారు కార్తికమాసములో ఉసిరిచెట్టు క్రింద చేయు విందునకు వనభోజనమని పేరు. బెంగాలీలును సరిగా ఆ మాటనే తమ ఉచ్చారణతో పలుకుదురు. దానికితోడు వారికి ‘చొడుయిభాతి’ అను వేరొక ముద్దుమాట కలదు. పిచ్చుక, అన్నము అను రెండు మాటలు అందు వినబడును. పిల్లలు ఇంటింటి నుండి గుప్పెడు గుప్పెడు బియ్యము తెచ్చి పిచ్చుకలవలె ఆరుబయట వండుకొను విందు అది. పౌషమాసపు చలిలో, అనగా డిసెంబరు, జనవరి నెలలలో, ఆ జిల్లా నదీతీరములన్నియు ఇట్టి విందులతో నిండును. ఇటీవల పెద్ద పెద్ద పాటలపెట్టెలు బండ్లమీద తెచ్చి అడవి దద్దరిల్లునట్లు మ్రోగించువారు బయలుదేరిరి. పట్టణమును విడిచి వచ్చితిమనుకొని పట్టణములోని అతి చెడ్డభాగమును బండిమీద వేసికొని వచ్చుట ఇదియే.

ఆ లోకోపైలట్ మాత్రము పాటలు వినడు. వనము చేరగానే దుప్పటి పరచుకొని చెట్టునీడను పడుకొనును. మొదటిసారి అట్లు జరిగినప్పుడు కుమార్తెకు కోపము వచ్చినది.

“నాన్న నిద్రపోడానికి ఇంత దూరం రావాలా అమ్మా?”

“ఇంట్లో అయితే ఫోను మోగుతుందేమోనని ఒక చెవి తెరుచుకునే పడుకుంటారే. పడుకోనీ.”

మాట వెనుకనున్న గోడ

ఉద్యానవనమును గూర్చి లేఖనములలో వెదకువారు సాధారణముగా ఏదెను తోటతో ఆరంభింతురు. తెలుగు బైబిలు చదువరులకు ‘పరదైసు’ అను మాటయు పరిచితమే. క్రొత్త నిబంధనలో అది మూడు చోట్ల కనబడును: లూకా 23:43లోను, 2 కొరింథీయులకు 12:4లోను, ప్రకటన 2:7లోను. మనము దానిని పరలోకమునకు మారుపేరుగా వాడుకొనుచున్నాము. కాని ఆ మాట పరలోకమునుండి దిగినది కాదు. ప్రాచీన పారసీక భాషలో దాని మూలార్థము ‘చుట్టు గోడ కట్టిన స్థలము’. పారసీక రాజులు తమ నగరముల ప్రక్కను విశాలమైన స్థలమునకు గోడ కట్టించి, చెట్లు నాటించి, నీరు పారించి, వేటజంతువులను పెంచిరి. క్రీస్తుకు ముందు నాలుగవ శతాబ్దపు గ్రీకు సేనాని క్సెనొఫోను వాటిని చూచి ఆ మాటను గ్రీకులోనికి తెచ్చెను. పాత నిబంధనను గ్రీకులోనికి మార్చినవారు ఆదికాండములోని తోటకు ఆ మాటనే వాడిరి. ఆ విధముగా రాజుల వేటతోట మాట ఆదాము తోటకు పేరైనది.

హెబ్రీ భాషలోనికి అదే మాట ‘పర్దేస్’గా వచ్చి మూడు చోట్ల మాత్రమే నిలిచినది. పరమగీతము 4:13 సంగతి ఇక్కడ మనకు అవసరము లేదు. ప్రసంగి 2:5లో తెలుగు అనువాదకులు దానిని ‘శృంగారవనములు’ అని చక్కగా తెనిగించిరి. అక్కడ రాజు తాను కట్టించిన ఇండ్లను, నాటించిన తోటలను, త్రవ్వించిన చెరువులను వరుసగా లెక్కించును. ఆ లెక్కలో మాటిమాటికి ‘నాకొరకు’ అను మాట వచ్చుచున్నది. చదువరులు పెన్సిలు తీసికొని ఆ మాట క్రింద గీత గీచికొనుచు పోయినయెడల ప్రసంగి ఎందుకు విసిగిపోయెనో వ్యాఖ్యానము అక్కరలేకయే తెలియును. మూడవ చోటు నెహెమ్యా 2:8. అక్కడ ఆ మాట రాజుగారి అడవిని సూచించును. దానికి ఆసాపు అను కావలివాడు కలడు. యెరూషలేము గుమ్మములకు దూలములు కావలెనన్న, నెహెమ్యా ఆ కావలివానిపేర తాకీదు తెచ్చుకొనవలసివచ్చెను.

గోడగల తోట ఒకని సుఖము కొరకైనది. అందరి కొరకు తోట వేయుట మిక్కిలి ఇటీవలి ఆలోచన. ఇంగ్లండులో లివర్‌పూల్ కెదుటనున్న బర్కెన్‌హెడ్ పట్టణమువారు 1847లో ప్రజాధనముతో ఒక పార్కును ఏర్పరచి అందరికి తెరచిరి. పొగగొట్టముల పట్టణములలో పనివారు ఊపిరి పీల్చుకొనుటకు స్థలము లేదన్న చింత ఆ కాలమున బలముగా నుండెను. ఆ మాదిరి అమెరికాకు ప్రాకినది. న్యూయార్కులోని సెంట్రల్ పార్కు 1858లో ప్రజలకు తెరవబడెను. దాని అందము సుప్రసిద్ధము. ఆ స్థలములో అంతకుముందు సెనెకా విలేజ్ అను ఊరు కలదనియు, అందు సుమారు 225 మంది, ఎక్కువ భాగము నల్లజాతివారు, తమ స్వంత ఇండ్లు, ఒక బడి, మూడు ఆరాధన మందిరములు కట్టుకొని జీవించుచుండిరనియు, 1857 నాటికి వారందరు ఖాళీ చేయింపబడిరనియు చాలకాలము మరువబడెను. నగరవాసుల విశ్రాంతికొరకు పేదల ఊరు తుడిచివేయబడినది. గోడ లేకున్నను అది పారసీక రాజుల పద్ధతియే.

అరబారీ అడవి

దీనికి భిన్నమైన కథ వెదకుటకు సముద్రములు దాటనక్కరలేదు. మేదినీపూరునకు ఉత్తరముగా అరబారీ అను అటవీప్రాంతము కలదు. 1970 ప్రాంతమునకు అక్కడి సాలవనము పేరునకు మాత్రమే వనముగా నుండెను. చుట్టుప్రక్కల బీదలు కట్టెలు కొట్టి పట్టణములలో వంటచెరకుగా అమ్మి బ్రదుకుచుండిరి. కాపలాదారులు వారిని తరుముచుండిరి. రాత్రివేళ వారు మరల వచ్చుచుండిరి. 1972లో అజిత్ కుమార్ బెనర్జీ అను అటవీ అధికారి తరుముట మాని వారితో కూర్చుండి మాటలాడెను. 11 గ్రామములకు చెందిన 618 కుటుంబములతో ఒక ఏర్పాటు జరిగెను. 1,272 హెక్టారుల అడవిని వారు కాయుదురు. అడవిపనులలో వారికి కూలి దొరకును. ఎండుకట్టెలు, ఆకులు, గడ్డి వంటివి తెచ్చుకొనవచ్చును. చెట్లు ఎదిగి కోతకు వచ్చినప్పుడు అమ్మకపు సొమ్ములో నూటికి 25 వంతులు వారివి.

సాలవృక్షమునకు ఒక గుణము కలదు. నరికినను మొద్దు చావదు. పశువులు మేయక, గొడ్డలి పడక కొన్ని వర్షాకాలములు విడిచిపెట్టినయెడల ఆ మొద్దునుండియే చిగుళ్లు లేచి మ్రానులగును. కావున అరబారీలో క్రొత్తగా నాటినదానికంటె, నరకకుండ ఆగినందువలన లేచిన అడవి ఎక్కువ. యోబు 14వ అధ్యాయములో నరకబడిన చెట్టు నీటివాసనకు మరల చిగుర్చుటను గూర్చిన మాట పాలస్తీనా చెట్లను చూచి పలికినదే. అయినను సాలవనములో దానిని చదువువానికి అది ఎదుటనే కనబడును.

ఆ మాదిరిని బట్టి 1989లో పశ్చిమబెంగాల్ ప్రభుత్వమును, 1990 జూన్ 1న కేంద్ర ప్రభుత్వమును ఉత్తరువు లిచ్చినవి. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుండి వన సంరక్షణ సమితులని మనము విన్నవి ఆ వంశములోనివే. అన్ని చోట్లను ఆ సమితులు అరబారీవలె వర్ధిల్లలేదు. కాగితముమీద పుట్టి కాగితముమీదనే ముగిసినవియు కలవు. ఇంకొక చిక్కును దాచరాదు. మేదినీపూర్ అడవులు తిరిగి దట్టమైన తరువాత, 1980ల చివరి సంవత్సరములు మొదలుకొని దల్మా కొండలనుండి ఏనుగుల మందలు దూరదూరముగా రాసాగినవి. పంటలు పోవుచున్నవి, మనుష్యులును చనిపోవుచున్నారు. పట్టణమునుండి ఒక దినము వచ్చిపోవువారికి అడవి చల్లదనము. దాని అంచున కాపురమున్న వారికి రాత్రి కావలి. ఈ భేదమును ఎరుగక పచ్చదనమును పొగడుట సులభము.

ఆ కాయువారి చేతిపని పట్టణమువారి విస్తరివరకు వచ్చుచున్నది. సాలాకులు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి విస్తళ్లుగా అమ్ముట ఆ జిల్లాలోని సంతాలు, లోధా మొదలగు జనుల స్త్రీలకు పూర్వమునుండియున్న జీవనాధారము. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు దేశమంతట నిషేధింపబడినను, వనభోజనములు ముగిసిన చోట్ల అవి ఇంకను పడియుండుట చూడవచ్చును. తెలుగువారు ఆకులో తినుట యెరిగిన జనులు. ఆకు విస్తరి కొనుటకు వారికి క్రొత్త ఉపదేశ మక్కరలేదు. కొంచెము జ్ఞాపకము చాలును.

ఒక క్రియాపదము

నెహెమ్యా గ్రంథములోని ఆసాపునకు ‘కావలివాడు’ అను పేరు నిచ్చు హెబ్రీ మాట ‘షామర్’ అను ధాతువునుండి పుట్టినది. ఆదికాండము 2:15లో మనుష్యుడు తోటలో ఉంచబడినది ఎందుకో చెప్పు రెండు క్రియలలో రెండవది అదే. అతడు అక్కడికి తిరిగిపోవుటకు వచ్చిన సందర్శకుడు కాడు, కాపు. ఆదికాండము 4:9లో కయీను తన తమ్మునిగూర్చి విసుగుతో అడిగిన ప్రశ్నలోని కావలివాడును ఆ మాటయే. ఇంతవరకు తెలుగు అనువాదము మనకు సహాయము చేయును. ‘కాచుట’, ‘కావలి’ అను మాటలలో ఒకే ధ్వని వినబడును.

నాలుగవ స్థలములో తెలుగు మనకు అడ్డము వచ్చును. విశ్రాంతిదినపు ఆజ్ఞ రెండుసార్లు వ్రాయబడినది. నిర్గమకాండము 20వ అధ్యాయములో అది ‘జ్ఞాపకముంచుకొనుట’ అను క్రియతో ఆరంభమగును. ద్వితీయోపదేశకాండము 5:12లో మాత్రము ఆరంభించు క్రియ ‘షామర్’. మన అనువాదములో అది ‘ఆచరించుట’ అయినది. అది తప్పు కాదు. తెలుగులో దినమును ‘కాచుట’ అనరు. కాని మాట మారినందున ఆ గొలుసు కనబడకపోయినది. తోటను కాచుట, తమ్ముని కాచుట, విశ్రాంతిదినమును కాచుట హెబ్రీ చెవికి ఒకే పని. దినమునకు కావలి యేల యని అడుగవచ్చును. దొంగలున్న చోటనే కావలి. రైల్వే క్వార్టరులో ఆ దొంగ ఫోను రూపమున వచ్చును. వేరొక యింట మిగిలిపోయిన కార్యాలయపు పనిగా వచ్చును.

ద్వితీయోపదేశకాండము మరియొక సంగతిని చేర్చుచున్నది. నిర్గమకాండములో విశ్రాంతికి కారణము సృష్టి. ఇక్కడ కారణము ఐగుప్తులోని దాస్యము. తండ్రి, కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి అని లెక్కించిన తరువాత, దాసదాసీలును యజమానునివలెనే విశ్రమింపవలెనను ఉద్దేశమును 14వ వచనము ప్రత్యేకముగా చెప్పును. అనగా ఒకడు విశ్రమించెనా లేదా అని తెలిసికొనుటకు అతనిని చూచుట చాలదు, అతనికి వడ్డించువానిని చూడవలెను.

ఈ కొలతబద్దతో ఆ లోకోపైలట్ కుటుంబపు వనదినమును కొలిచినయెడల ఏమి కనబడును? తండ్రి నిద్రించెను. తాతగారు నడిచిరి. పిల్లలు బురుజెక్కిరి. తల్లి తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పులిహోర కలిపెను, పెరుగన్నము కట్టెను, ఆవకాయ జాడీ గుడ్డలో చుట్టెను, నీళ్ల సీసాలు నింపెను; వనములో వడ్డించెను; గిన్నెలు సర్దెను; ఇంటికి వచ్చి అవన్నియు తోమెను. వంటగది గోప్‌గఢ్ వరకు నడిచి వెళ్లి తిరిగి వచ్చినదే గాని, ఆమె వంటగదినుండి బయటికి రాలేదు. మన సంఘ విందులలో ఎక్కువ భాగము ఈ పరీక్షకు నిలువవని ఒప్పుకొనక తప్పదు. విశ్రాంతినిగూర్చి ప్రసంగము జరుగుచుండగా వెనుక పాకలో స్త్రీలు పొయ్యి ఊదుచుండుట ఎన్ని చోట్ల చూడలేదు!

మార్కు 6వ అధ్యాయములో భోజనముచేయుటకును తీరికలేని శిష్యులు, కొంచెము విశ్రమించుడని పిలువబడి, దోనెయెక్కి ఏకాంతస్థలమునకు వెళ్లిరి. జనసమూహము కాలినడకన వారికంటె ముందుగా అక్కడ చేరియుండెను. సాయంకాలమునకు పచ్చికమీద పంక్తులు తీర్చి కూర్చుండినవారు ఆ జనులు. రొట్టెలు పంచుటకు తిరిగినవారు శిష్యులు. ఆ దినము వారి విశ్రాంతి చెడినదని తోచును. అయితే మార్కు అక్కడితో ఆపలేదు. 45వ వచనములో యేసు వెంటనే శిష్యులను దోనెయెక్కించి ముందుగా పంపివేసి, జనులను సాగనంపు పనిని తానే పెట్టుకొనెను. ప్రసంగీకులు రొట్టెల అద్భుతమునుండి నీటిమీది అద్భుతమునకు త్వరపడి, విందు ముగిసిన తరువాత మిగిలిన పనిని ఎవరు చేసిరో చూడక దాటిపోవుదురు.

తాతగారు ఆ తల్లిని గమనించిరి. ఆయన చిన్నతనములో తన తల్లి నట్లు చూచి ఊరకున్నవారే. ఆ రాత్రి ఆయన కుమారుని పిలిచి పెద్ద మాటలేమియు చెప్పలేదు. “ఈసారి వంట నువ్వు చెయ్యరా” అని మాత్రము అనిరి.

తరువాతి 30 గంటలు ఒక గురువారమున పడినవి. పిల్లలకు చలికాలపు సెలవులు. తండ్రి ముందటి సాయంకాలమే గోల్‌బజారునుండి నిమ్మకాయలు, సాలాకు విస్తళ్లు తెచ్చెను. ఉదయమున తల్లిని లేపక తానే బియ్యము కడిగెను; కుమార్తె పోపుగింజలు అందించెను; కుమారుడు నిమ్మకాయలు పిండి సగము గింజలతో సహా గిన్నెలో వేసెను. వారు మామూలు బండికంటె ఒక బండి ఆలస్యముగా కాసాయి వంతెన దాటిరి. గోప్‌గఢ్ మిట్టమీద ఈ మారు దుప్పటి తల్లికి పరచిరి. ఆమె పడుకొనలేదు, కూర్చుండి నదివైపు చాలసేపు చూచినది. నిమ్మపులిహోరలో ఉప్పు కొంచెము ఎక్కువైనది. ఎవరును ఆ మాట ఎత్తలేదు.